యవనుల ఇంట ఉడకని గోధుమలు

పోయిన ఆదివారం ఇల్ఫర్డ్‌లో మా అమ్మాయి ఇంట్లో, భోజనాలయ్యాక, డైనింగ్ టేబుల్ మీద నా మనవరాలు పెద్ద అట్ట ఒకటి పరుచుకుని, స్కూలుకి ఇవ్వవలసిన పోస్టరు తయారుచేస్తూ కూర్చుంది. విషయం గ్రీకులు, మన పాత పుస్తకాల్లో యవనులన్నది వీళ్లనే. ఎడమ మూల తెల్లటి స్తంభాల గుడి, దాని పక్కన కుచ్చు శిరస్త్రాణం పెట్టుకున్న సైనికుడు, పరుగుపందెంలో ఒక బక్కపలచటి మనిషి, గడ్డాలు పెంచుకున్న తత్వవేత్తలు ఇద్దరు, కుడి చివర గుర్రం మీద అలెగ్జాండరు, అతని వెనక మన దేశపు ఏనుగు. ఆ ఏనుగు కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో, రోమన్లు వచ్చారు అని ఇంగ్లీషులో రాసి, కింద ఒక గీత గీసి, పెన్ను మూత పెట్టేసింది.

ఆ తర్వాత ఏమైందే అని అడిగాను.

"దట్స్ ఇట్, తాతా. దే ఫినిష్‌డ్."

"అయిపోవడమేమిటి? మొన్న సెలవులకి మీరందరూ విమానమెక్కి వెళ్లింది ఎవరి ఊరికి?"

"దోజ్ ఆర్ జస్ట్ గ్రీక్ పీపుల్, తాతా. దీజ్ ఆర్ ది గ్రీక్స్."

నవ్వు వచ్చిన మాట నిజమే గాని, ఆ మాట మాత్రం నాలో ఎక్కడో తగిలింది. కార్డిఫ్‌లో ఒకప్పుడు నేనున్న ఇంట్లో ఈ మాట ఎవరైనా అని ఉంటే, వంటింటి స్టవ్ పక్కన కూర్చున్న ఒక ముసలావిడ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయి ఉండేది. నేను చదువుకునే రోజులనుంచీ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. దానివల్ల నాకు కలిగిన మేలు ఒకటే, గుర్తున్నదీ ఊహించుకున్నదీ కలగాపులగం కాకుండా విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఈ కింద చెప్పేదంతా జరిగినట్టుగానే చెబుతున్నాను. ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చిన మన వాళ్లకి ఆ ఇళ్లూ ఆ చలీ ఆ వాసనలూ నేను వర్ణించనక్కరలేదు.

గుంటూరులో డాక్టరీ చదివి, డెబ్బయ్యో దశకం నడిమధ్యలో కార్డిఫ్ ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరాను. ఆసుపత్రి క్వార్టర్స్‌లో గది దొరికేవరకు అని చెప్పి, ఒక ఫిష్ అండ్ చిప్స్ దుకాణం పైన గది అద్దెకు తీసుకున్నాను. శాకాహారిని, బందరు వాణ్ణి, చేపలు వేయించే నూనె వాసన మీద కాపురం పెట్టాను. క్వార్టర్స్ దొరికాక కూడా ఆ గది వదలలేదంటే, దానికి కారణం ఆ ఇంటివాళ్లే.

వాళ్లు సైప్రస్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు. ఇంటాయన పొద్దున్నే బంగాళాదుంపల బస్తాలు మోసి, సాయంత్రం దుకాణంలో నిలబడి, ఊరందరితోనూ వేళాకోళాలాడే మనిషి. ఇంటావిడ ఇంగ్లీషు బాగా మాట్లాడేది, లెక్కలూ బేరాలూ అన్నీ ఆవిడే. మూడో ఆవిడ ఇంటాయన తల్లి. ఎప్పుడూ నల్లబట్టలే. గ్రీకులో అవ్వని యయా అంటారట, ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు, వారంలో నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను 'యత్రే' అనేది, అంటే డాక్టరూ అని.

ఆ ఇంట్లో నా మొదటి ఉదయం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. అన్నం వండుకుందామని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, ఈ స్టవ్ వాడుకోవచ్చా అని నెమ్మదిగా అడిగాను. యయా గడ్డం కొంచెం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో 'చ్' అంది. మన ఊళ్లో ఎవరైనా గడ్డం ఎగరేస్తే ఏమని అర్థం? ఏమిటి సంగతి అనే కదా. పాపం వినపడలేదు కాబోలనుకుని కొంచెం గట్టిగా అడిగాను. మళ్లీ గడ్డం పైకెత్తింది. ఈసారి గిన్నె చూపించి, స్టవ్ చూపించి, వీధిలోకి వినపడేటట్టు అడిగాను. మళ్లీ అదే. ఇంతలో ఇంటావిడ దుకాణంలోంచి ఏప్రనుతో పరుగెత్తుకొచ్చింది.

"డాక్టర్, మా అత్తగారు మీకు మూడుసార్లు కాదని చెప్పింది. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు?"

అప్పుడు తెలిసింది, గ్రీకులు కాదని చెప్పే పద్ధతి అదని. మగవాడు తన వంటింట్లో స్టవ్ ముట్టడం ఆవిడకి ఇష్టం లేదు, అంతే. ఆ రోజునుంచి నాకు ఆవిడే వండిపెట్టేది. చిక్కుళ్లు, వంకాయలు, ఆలివ్ నూనెలో వేయించిన బంగాళాదుంపలు. ఆ కాలంలో ఈ దేశంలో ఆలివ్ నూనె కావాలంటే మందుల షాపుకి వెళ్లి, చెవిలో వేసుకునే చిన్న సీసా తెచ్చుకోవాలి. యయా దగ్గర మాత్రం డబ్బాలు ఉండేవి.

ఇంకో వింత చెప్పాలి. నేను మనవాళ్ల పద్ధతిలో సరేనని తల పక్కకి వాలిస్తే వార్డులో సిస్టర్లకి అర్థమయ్యేది కాదు. ఇది అవునా, కాదా, డాక్టర్, తేల్చండి అనేవారు. గ్రీకులూ అవునంటే తల కొంచెం పక్కకి వంచుతారు. అందుచేత కార్డిఫ్ మొత్తంమీద నా 'అవును' అర్థమయ్యే మనిషి యయా ఒక్కతే, ఆవిడ 'కాదు'ని నేను మొదట అర్థం చేసుకోలేకపోయినా.

నాకు సెలవున్న ఆదివారాలు వాళ్లు చర్చి నుంచి వచ్చాక వంటింట్లో కూర్చునేవాళ్లం. యయా గ్రీకులో చెబుతుంటే ఇంటావిడ మధ్యమధ్య తన విసుర్లు కలిపి ఇంగ్లీషులో చెప్పేది. నేను చరిత్రని అంతవరకు పుస్తకాల్లో చదివాను. ఇంట్లో ఉప్పులేదన్నంత మామూలుగా ఒక మనిషి చరిత్ర చెప్పడం అక్కడే మొదటిసారి విన్నాను. ఆవిడ కథల్లో 'వాళ్లు' ఉండరు, అంతా మేమే. మేం పర్షియావాళ్లని సముద్రంలో ఓడించాం. మేం మీ దేశం వరకు వచ్చాం, మీ ఏనుగుల్ని చూసి మా కుర్రాళ్లు ఇక ఇంటికి పోదామన్నారు. నేనూ తక్కువ తినలేదు. మీరు యుద్ధానికే కాదు, స్నేహానికీ వచ్చారు, మీ రాజు పంపిన దూత ఒకాయన మా విష్ణువుకి గరుడస్తంభం నిలబెట్టాడు, అది ఇప్పటికీ ఉంది; మా బందరు తీరాన్ని మసాలియా అని మీ నావికులు రెండువేల ఏళ్లనాడే రాసుకున్నారు; మా జ్యోతిషంలో హోర అనే మాట మీదే అన్నాను. యయా శ్రద్ధగా విని ఏదో అంది. ఇంటావిడ పకపక నవ్వి చెప్పింది: "ఆ మాట తీసుకెళితే తీసుకెళ్లారు, మళ్లీ ఎప్పుడు ఇచ్చేస్తారని అడుగుతోంది!"

అన్నిటికంటే నన్ను తికమకపెట్టింది, యయా తమని తాము రోమన్లమని చెప్పుకోవడం. గ్రీకులని కదా మీరు అంటే, గ్రీకులమే, రోమన్లమే అనేది. రోమన్లు వచ్చి వీళ్లని గెలిచిన మాట నిజమే. కాని కాలక్రమాన రోము పడిపోయింది, తూర్పున కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా రోమన్ల రాజ్యం ఇంకో వెయ్యేళ్లు నడిచింది, అందులో పాలించినవాళ్లూ ప్రార్థించినవాళ్లూ కూరలమ్మినవాళ్లూ గ్రీకు మాట్లాడేవాళ్లే. ఆ నగరానికి యయా పేరు పెట్టేది కాదు, ఊరు అనేది, అంతే, లోకంలో ఇంకో ఊరు లేనట్టు. ఆ ఊరు తురుష్కుల వశమైంది మంగళవారంనాడు. అందుకని గ్రీకులు మంగళవారం ఏ పనీ మొదలుపెట్టరు. మా ఇంట్లోనూ మంగళవారం గోళ్లు కూడా తీయనివ్వరు అన్నాను. అయితే మీకు పోయింది ఏ ఊరు అని అడిగింది యయా, ఎంతో సానుభూతిగా.

ఊరు పడిపోయిందన్న కబురు వచ్చినప్పుడు ఒక సన్యాసి చేపలు వేయిస్తున్నాడట. ఈ చేపలు లేచి నీళ్లలో దూకితే నమ్ముతానన్నాడట. సగం వేగిన చేపలు దూకేశాయట. ఊరు తిరిగి వచ్చేదాకా అవి అలా ఒకవైపు వేగి ఈదుతూనే ఉంటాయట. ఇంటాయన దుకాణంలో చేప సరిగా వేగలేదని ఎవరైనా తిప్పి పంపితే, ఇది ఊరి చేప అయ్యా, ఐదొందల ఏళ్లనాటిది అనేవాడు.

తురుష్కుల కింద నాలుగు వందల ఏళ్లు, ఆ పైన తిరుగుబాటు, చిన్న స్వతంత్ర దేశం, ఇవన్నీ యయా గబగబా చెప్పేసేది. స్మిర్నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు నెమ్మదించేది. ఇప్పటి టర్కీ తీరాన ఉన్న ఆ రేవు పట్నంలో ఆవిడ పుట్టింది. గ్రీకు సైన్యం ఓడి వెనక్కి వచ్చింది, ఊరికి నిప్పంటుకుంది. ఏడేళ్ల పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని రేవులో నిలబడింది. వెనక మంటలు, ముందు సముద్రం, దూరంగా పెద్ద దేశాల ఓడలు చూస్తూ ఉన్నాయి. టర్కీ పొరుగింటావిడ దారిలో తినమని రొట్టె కట్టి ఇచ్చిందట, ఆ సంగతి చెప్పకుండా ఆ కథ ఎన్నడూ ముగించేది కాదు. తండ్రి తర్వాత ఓడలో వస్తానన్నాడు. తల్లీకూతుళ్లు సైప్రస్ చేరారు. తండ్రి రాలేదు.

గ్రీకులు చనిపోయినవారికి గోధుమలు ఉడకబెడతారు. దానిలో చక్కెర, దానిమ్మగింజలు, నువ్వులు, ద్రాక్ష కలిపి, చర్చిలో ప్రార్థన చేయించి అందరికీ పంచుతారు. నేను మొదటిసారి తిన్నప్పుడు మన గుగ్గిళ్లలా ఉన్నాయని రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను, ఆ రోజు యయా భర్త సంవత్సరీకం. స్మిర్నా నుంచి వచ్చిన ఏడాదికి, తోటి ఆడవాళ్లందరూ చేస్తున్నారని, యయా తల్లి కూడా భర్త పేర గోధుమలు ఉడకబెట్టింది.

ఇక అసలు సంగతి. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో సైప్రస్‌లో గ్రీకు సైనికాధికారులు కుట్ర చేసి ప్రభుత్వాన్ని పడగొట్టారు. వెంటనే టర్కీ సైన్యం దిగింది. ద్వీపం రెండయింది. యయా ఇల్లు టర్కీ సైన్యం పట్టుకున్న ఉత్తర భాగంలో పోయింది. ఊళ్లో మగవాళ్లని వేరుచేసి బస్సు ఎక్కించారు, అందులో యయా చిన్నకొడుకు ఉన్నాడు. ఆ బస్సు తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు. పెద్దకొడుకు తల్లిని కార్డిఫ్ తెచ్చుకున్నాడు.

వాళ్ల చర్చిలో బతికున్నవారి పేర్లు వేరే, పోయినవారి పేర్లు వేరే చదువుతారు. యయా ప్రతి ఆదివారం చిన్నకొడుకు పేరు బతికున్నవారితోనే చదివించేది. ఏడాది దాటింది. తమ్ముడి ఆత్మకి ప్రార్థన కూడా లేకుండా పోతోందని ఇంటాయన బాధ, తల్లి గుమ్మంవైపు చూస్తూ చిక్కిపోతోందని ఇంటావిడ బాధ. చివరికి వాళ్లు ఒక శుక్రవారం గోధుమలు నానబోశారు. ఆదివారం గోధుమలు చర్చికి వెళ్లాలి, యయా ఒప్పుకోవాలి. ఆవిడ ఎవరి మాటా వినదు, డాక్టరు మాట వింటుందని నన్ను పంపారు.

వంటింట్లో యయా ఎదురుగా కూర్చున్నాను. ఇంటావిడ మాటలు అందించడానికి పక్కన నిలబడింది. నేను నోరు తెరవకముందే యయా నన్నొక ప్రశ్న అడిగింది. మీ దేశంలో మనిషి వెళ్లిపోయి కబురు లేకపోతే ఎప్పుడు గోధుమలు పెడతారు?

నేను ఉన్నది చెప్పాను. మా పెదతాత ఒకాయన బర్మా వెళ్లి కబురు లేకుండా పోయాడు. మా వాళ్లు పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి సంస్కారం చేశారు. అదే మా శాస్త్రం. పన్నెండేళ్లంటే మాకు ఒక చుట్టు, మా కృష్ణానదికి పుష్కరం వచ్చినట్టు.

ఇంటావిడ అనువాదం మధ్యలో ఆపేసి నావైపు చూసిన చూపు నేను మరచిపోలేను. అయినా పూర్తిగా చెప్పింది. యయా ముఖంలోకి ఏడాదిగా లేని వెలుగొకటి వచ్చింది. తల పక్కకి వంచింది. పన్నెండేళ్లు, అంది.

"డాక్టర్! ఒప్పించమని పంపితే వాయిదా ఇప్పించుకొచ్చారా! ఇక మీరు కోర్టులో చేరండి, ఆసుపత్రి ఎందుకు?" అని ఇంటావిడ గరిటె విసిరినంత పని చేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న ఇంటాయన మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు యయా చెప్పిన మాట ఇంటావిడ చాలా నెమ్మదిగా నాకు అందించింది. మా అమ్మ గోధుమలు ఉడకబెట్టింది, అందరూ తిన్నారు, నేనూ తిన్నాను, తియ్యగా ఉన్నాయి. ఆ రోజునుంచి మా నాన్న గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ వంటింట్లో ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. నానిన గోధుమలు మాత్రం అలాగే ఉన్నాయి. మా అమ్మ చేసే గోధుమ పాయసం చేస్తాను, స్టవ్ ఇస్తారా అని అడిగాను. యయా నన్ను కాసేపు ఎగాదిగా చూసి, తల పక్కకి వంచింది. పాలూ చక్కెరా పోసి చేశాను, యాలకులు లేవు. ఆ ఇంట్లో నేను స్టవ్ ముట్టింది ఆ ఒక్కసారే.

తర్వాత నాకు గ్లాస్గోలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, అమ్మాయి పుట్టింది. క్రిస్మస్‌కి కార్డులు నడిచేవి. పన్నెండేళ్లు పూర్తయిన ఏడు కార్డిఫ్ ప్రయాణం పెట్టాను. "పుష్కరాలకి బయల్దేరినట్టు బయల్దేరారే, చెంబూ తువ్వాలూ పెట్టమంటారా?" అని మా ఆవిడ ఆట పట్టించింది. యయా బాగా వంగిపోయింది. నన్ను గుమ్మంలో చూడగానే ఎందుకొచ్చానో కనిపెట్టేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు, గడ్డం పైకెత్తి 'చ్' అంది. ఈసారి నాకు అర్థమైంది. కాఫీ ఇచ్చాక ఇంటావిడ చేత చెప్పించింది: మీ నదికి పుష్కరం ఒక్కసారే వచ్చి ఆగిపోతుందా?

రెండో పన్నెండేళ్లు నిండకముందే యయా పోయింది. పోయేముందు పెద్దకొడుకుని పిలిచి, నా తర్వాత నువ్వు అడుగుతూ ఉండు అందట. అతను అడిగాడు. ద్వీపంలో గ్రీకులూ టర్కీవాళ్లూ రెండు వర్గాలవారూ కలిసి, పాతిపెట్టిన చోట్లు తవ్వి, ఎముకలు తీసి, బంధువుల రక్తంతో సరిచూడడం మొదలుపెట్టినప్పుడు, చలికాలంలో మోకాళ్ల నొప్పులతో వెళ్లి తన రక్తం ఇచ్చి వచ్చాడు. గోధుమలు ఉడకబెట్టి ముగించేసి ఉంటే ఆ రక్తం ఇచ్చి ఉండేవాడా అని నాకు నేను వేసుకున్న ప్రశ్నకి, ఇచ్చి ఉండేవాడు కాడనే నా జవాబు.

కొన్నేళ్లకిందట ఇంటావిడ ఫోను చేసింది. ఎనభై దాటిన గొంతు. డాక్టర్, దొరికాడు అంది. ఒక నిమ్మతోటలో, మరికొందరితో. అక్కడే సమాధి చేసి వచ్చారు, కార్డిఫ్ చర్చిలో ప్రార్థన పెట్టుకున్నారు, రమ్మంది. వెళ్లాను. ఆ రోజు మొదటిసారి అతని పేరు పోయినవారి పేర్లలో, తల్లి పేరు పక్కన చదివారు. ఇంటావిడ గోధుమల పొట్లం నా చేతిలో పెట్టి, ఇప్పుడు తినండి అంది. తియ్యగానే ఉన్నాయి.

ఇదంతా నా మనవరాలికి నాకు చేతనైన ఇంగ్లీషులోనూ తనకి అర్థమయ్యే తెలుగులోనూ చెప్పాను. శ్రద్ధగా వింది. అట్టకి కుడిపక్కన ఇంకో అట్ట అతికించి, ఒకవైపు మాత్రమే వేగిన చేప బొమ్మ వేసింది, దాని పక్కన నల్లబట్టల అవ్వని వేసింది.

ఆ దుకాణంలో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆలివ్ నూనె ఏ సూపర్ మార్కెట్‌లో చూసినా వరుసలు వరుసలుగా ఉంది, చెవిలో ఎవరూ వేసుకోవడం లేదు. యయా మునిమనవలు వాళ్ల అమ్మమ్మకి, నా మనవరాలు నాకు, ఒకే రకంగా ఇంగ్లీషులో జవాబు చెబుతున్నారు. దానికి నాకు బెంగ లేదు. రోమన్లమని చెప్పుకుంటూ గ్రీకు మాట్లాడి వెయ్యేళ్లు నెగ్గుకొచ్చిన మనుషుల్ని ఎరిగినవాణ్ణి, పేర్లు మారినంతమాత్రాన మనుషులు అయిపోరని నాకు బాగా తెలుసు. పోయేవి చిన్నవి. మంగళవారం గోళ్లు తియ్యకూడదన్న భయం, తల పక్కకి వాల్చే అవును, గడ్డం ఎత్తే కాదు, ఇలాంటివి ఎవరూ చూడనప్పుడు వెళ్లిపోతాయి. వాటిని డైరీలో రాసిపెట్టుకోవచ్చుగాని, ఇంకొకరి మెడలో పెట్టలేం.

పోస్టరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూ నా మనవరాలు అడిగింది. "సో తాతా, డిడ్ దే ఫినిష్ ఆర్ నాట్?"

నేను గడ్డం పైకెత్తి, నాలుకతో 'చ్' అన్నాను.

పాపం, నాకు వినపడలేదనుకుంది. దగ్గరికి వచ్చి, కొంచెం గట్టిగా, మళ్లీ అడిగింది.